పెంకు పురుగు వీపుపై తెల్లని మచ్చ

ప్రశ్న: పెంకు పురుగులను ఫ్లాష్‌తో దగ్గరగా ఫొటో తీస్తే వీపుపై తెల్లని మచ్చ పడుతోంది, వెనుక అంతా చీకటిగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: నునుపైన పెంకు అద్దంలా పనిచేస్తుంది కనుక ఆ మచ్చ నిజానికి ఫ్లాష్ ముఖానికి ప్రతిబింబమే, కాంతిని వెదజల్లే పలుచని తెల్లని తెరను, అంటే డిఫ్యూజర్‌ను, పురుగుకు వీలైనంత చేరువగా నిలిపితే వెలుగు విశాలమైన తలం నుంచి వచ్చి మచ్చ పలచబడుతుంది. ఫ్లాష్ శక్తిని పెంచడం, చాలామంది చేసే పనే అయినా, ఇక్కడ వృథా. చీకటికి కారణం వేరు: కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, ఫ్లాష్‌కు 10 సెంటీమీటర్ల దూరంలోని పురుగుపై పడే వెలుగులో పదహారో వంతే 40 సెంటీమీటర్ల దూరంలోని ఆకును చేరుతుంది. అందువల్ల పురుగు వెనుక చేరువలోనే ఆకు ఉండే కోణాన్ని ఎంచుకోవాలి, లేదా ఐఎస్ఓను పెంచి సహజ కాంతికీ చోటివ్వాలి.