మన చేనికి మన యెరువు

యూరియా వేయక పంట పండునా యని మన సంఘ సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. పండును. అయితే యూరియా మానినంత మాత్రమున పండదు. దాని స్థానమున నేలకు వేరొక యాహారమును సమకూర్చినవారికే పండును. ఆ యాహారమును సమకూర్చు విధానమునకే సేంద్రియ సేద్యమని పేరు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములందలి మెట్ట చేలలో హెచ్చుభాగము ఎఱ్ఱనేలలు. ఇసుకపాలు, గరుసుపాలు ఎక్కువ. కుళ్లిన ఆకు, పేడ మొదలగువానివలన ఏర్పడు నల్లని జీవపదార్థము మిక్కిలి తక్కువ. ఆ పదార్థమే తడిని పట్టి యుంచునది. అది లేని చేనిలో వాన కురిసిన నీరు కొంత పారిపోవును, కొంత ఆవిరియై పోవును. వాన నాలుగు వారములు మొగము చాటు చేసినచో వేరుశెనగ తలవాల్చును. ఒకే వాన కురిసిన ప్రక్కప్రక్క చేలలో ఒకటి వాడి, మరియొకటి పచ్చగా నిలుచుట మన రైతులందఱు చూచినదే. పశువులను కట్టిన చేనికిని, కట్టని చేనికిని గల భేదమది. నేలయందు కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా నుండి, మనము వేసిన చెత్తను పైరు తినదగిన రూపమునకు మార్చుచుండును. మనము మొదట మేపవలసినది వానిని.

కావున పెంటదిబ్బ సంగతి ముందుగా చెప్పెదము. మన జిల్లాలో పాడికి కొదువ లేదు, పేడయు మెండు. ఐనను దానిని చూచుకొను తీరు విచారకరముగా నున్నది. ఇంటి ముందు గుట్టగా పోసిన పేడ ఎండకు ఎండి, వానకు కడుగబడి, చేనికి చేరునప్పటికి సారము కోల్పోవును. అంతకంటె పెద్ద నష్టము పంచితము. పేడలోకంటె పశువుల మూత్రములో నత్రజని పాలు హెచ్చు. కొట్టములో అది నేల పాలగుచున్నది. పశువుల క్రింద చెనక్కాయ పొట్టు, ఎండుటాకు, పనికిరాని కసువు పఱచి, తడిసినదానిని ప్రతి ఉదయము గుంటలో వేసినచో ఒక్క పైసా ఖర్చు లేక ఎరువు బలము పెరుగును.

ఆల్బర్ట్ హోవార్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వఱకు ఇండోరులో నుండి, చైనా రైతుల పద్ధతులను, మన రైతుల పద్ధతులను పరిశీలించి కంపోస్టు తయారుచేయు విధానము నొకదానిని నెలకొల్పెను. చెత్త, పేడ, పంచితము కలిసిన మట్టి, కొంచెము బూడిద వరుసలుగా పేర్చి, తడిపి, మూడు మార్లు తిరుగవేసినచో మూడు నెలలలో ఎరువు సిద్ధమగును. గుంట మూడడుగుల లోతు మించరాదు. మించిన అడుగున గాలి యాడదు. నీడపట్టున, వాన నీరు చేరని మెరకనేలలో త్రవ్వవలెను. గుప్పెడు తీసి పిండిన నీరు కారక చేయి మాత్రము తడియగావలెను; అదియే తేమకు కొలత. బాగుగా మాగిన యెరువు మట్టివాసన వేయును, పేడకంపు కొట్టదు. పచ్చిపేడను చేనికి తోలుట వేరుపురుగును మనమే పిలిచి పెట్టుకొనుట. చెనక్కాయ వేయువారు ఈ మాటను మఱవరాదు.

బాగుగా మాగిన యెరువు నాలుగైదు టన్నులలో నుండు నత్రజని యించుమించు ఒక బస్తా యూరియాలోని దానికి సమానము. అయితే అది యంతయు మొదటి యేటనే పైరుకు అందదు. కొంత రెండవ యేటికి, మూడవ యేటికి మిగులును. తొలి యేట దిగుబడి తగ్గినదని పలువురు విసుగు చెందుటకు కారణమిదే.

ఇన్ని బండ్ల యెరువు ఎక్కడనుండి వచ్చుననిన, గట్లమీద నున్నది. కానుగ, జిల్లేడు, వేప, వెంపలి మన తాతలు వరిమడులలో త్రొక్కినవే. మడికి జనుము గాని జీలుగ గాని చల్లి, పూతకు వచ్చినప్పుడు కలియదున్నవలెను. మెట్టచేనికి తొలకరికి ముందే నవధాన్యములు చల్లి నేలను కప్పియుంచు పద్ధతి ఇటీవల వ్యాపించుచున్నది. చెరకు రైతులు ఎండాకును కాల్చుట మాత్రము మాకు మిక్కిలి కష్టము కలిగించుచున్నది. ఆ యాకునే సాళ్లమధ్య పఱచినచో తడి నిలుచును, కలుపు అణగును, పీకపురుగు బాధయు తగ్గును.

2016లో రాష్ట్ర ప్రభుత్వము రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్య కార్యక్రమమును చేపట్టినది మొదలు జీవామృతము పేరు ఊరూర వినబడుచున్నది. ఎకరమునకు ఆవుపేడ 10 కిలోలు, పంచితము 10 లీటర్లు, బెల్లము 2 కిలోలు, పప్పుపిండి 2 కిలోలు, గట్టుమీది మట్టి గుప్పెడు, 200 లీటర్ల నీటిలో కలిపి, నీడలో రెండు దినములు పులియబెట్టుదురు. మేము దీనిని కాదనము. అయితే లెక్క చూడుడు: దీనియందలి నత్రజని యంతయు కలిపినను పావుకిలో దాటుట కష్టము. ఇది పాలలో వేయు తోడువంటిది. పాలు లేక తోడు పెరుగగునా? నేలలో చెత్తయు ఎరువును ఉన్నవారికే జీవామృతము పనిచేయును.

పురుగుల విషయమున, ఎఱ్ఱగొంగళిని ఒక్కడు నిర్మూలింపలేడు. వేసవి దుక్కి చేసినచో నేలలోని గూళ్లు బయటపడి పక్షుల పాలగును. మంచి వానలు పడినతోడనే రెక్కల పురుగులు వెలువడును. ఆ రాత్రులలో ఊరంతయు కలిసి మంటలు వేయవలెను. చేను చుట్టు కాలువ తీసి, జిల్లేడు కొమ్మలు పఱచి, వానిపైకి చేరిన గొంగళ్లను ఏరి చంపవలెను. ఇతర పురుగులకు వేపగింజల పొడి 5 కిలోలు రాత్రి నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీటిలో కొంచెము సబ్బుతో కలిపి సాయంకాలమున చల్లవలెను.

ఇక ఒక హెచ్చరిక. 2021 ఏప్రిల్‌లో శ్రీలంక ప్రభుత్వము రసాయనపుటెరువుల దిగుమతిని ఒక్కమారుగా నిషేధించినది. సేంద్రియపుటెరువు చాలినంత సిద్ధముగా లేదు. వరి దిగుబడి పడిపోయి, బియ్యము దిగుమతి చేసికొనవలసి వచ్చినది. నవంబరులోనే ఆ నిషేధమును సడలింపవలసి వచ్చెను. అప్పున్న రైతు తన భూమి నంతటిని ఒకే యేట మార్చినచో అతని గతియు నదియే. ఉన్న యెరువు ఎంత నేలకు చాలునో లెక్కించి, అంత నేలనే మార్చవలెను. ఐదెకరములవాడు ఒక యెకరముతో మొదలిడుట మేలు. ఆ యెకరమునకు ఖర్చు, రాబడి వేరుగా వ్రాసికొనవలెను.

అమ్మకమునకు నమ్మకము కావలెను. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు శ్రీవారి నైవేద్యమునకు ప్రకృతి సేద్యపు బియ్యమును ఉపయోగింప నారంభించినప్పుడు మన రైతులకు ఆశ కలిగెను. ఎవరు కొన్నను, ఈ ధాన్యము నిజముగా ఎట్లు పండినదని అడుగక మానరు. అయిదుగురు రైతులు తక్కువ కాకుండ బృందముగా చేరి, ఒకరి చేను నొకరు తనిఖీ చేసికొని పూచీపడు పద్ధతిని కేంద్ర ప్రభుత్వము అంగీకరించినది. పూచీపడి యొకరికొకరు అప్పిప్పించుకొన్న సహకార సభ్యులకు ఇది క్రొత్త విద్య కాదు. అయితే ఒక్కడు దొంగచాటుగా మందు చల్లినను బృందమంతటికి మచ్చ వచ్చును. కనుక ఎవరితో చేరవలెనో ముందే చూచుకొనుడు.

గుంటలు త్రవ్వుటకు వేసవి తగిన కాలము. మూడు నెలలలో ఎరువు మాగును గనుక తొలకరి దుక్కికి కావలసినవారు ఫిబ్రవరి నెలాఖరులోగా మొదటి గుంట నింపవలెను.