నల్లుల బెడద - పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామసభలలో రోడ్లు, దీపములు, మంచినీరు మున్నగు విషయములపై చర్చ జరుగును గాని, నల్లుల మాట ఎవరును ఎత్తరు. ఇంట నల్లులున్నవని చెప్పుకొనుట నామోషీయని తలచుటయే ఇందుకు కారణము. నల్లిబాధపై చెప్పిన చాటుపద్యమును నవ్వుచు చదువువారు సైతము తమ మంచము సంగతి పొరుగువారికి తెలియనీయరు. ఒక ఇంటివారు రహస్యముగా మందు చల్లుదురు. ప్రక్క ఇంటివారు ఊరకుందురు. రెండు మూడు నెలలు గడచునప్పటికి రెండిండ్లలోను నల్లులే.

నల్లి మురికివలన పుట్టునది కాదు. రక్తము తప్ప దానికి వేరే ఆహారము లేదు. కావున శుభ్రమైన ఇంటికిని వచ్చును, శుభ్రముకాని ఇంటికిని వచ్చును. గోడ పగుళ్ళు, పాత సామాను ఎక్కువగా నున్నచోట దాగుటకు తావు హెచ్చు, అంతియే భేదము. దానికి ఎగురుటకు రెక్కలు లేవు, దుముకు శక్తియు లేదు. ఊరినుండి ఊరికి దానిని మోసికొని వచ్చునది మనమే. పక్కచుట్ట, ట్రంకుపెట్టె, సంతలో కొన్న పాత మంచము, సెలవులకు వచ్చిన హాస్టలు పిల్లవాని సంచి, ఇవియే దానికి బండ్లు. వలస పనులకు పోయివచ్చినవారే తెచ్చిరని ఒక వాడపై నింద మోపుట కొన్నిచోట్ల కలదు. ఇది న్యాయము కాదు. పెండ్లికి వచ్చిన చుట్టము సంచిలో సైతము నల్లి రావచ్చును. నింద పడినవారు సంగతి దాచెదరు. దాచినచోట నల్లి నిశ్చింతగా పెరుగును.

మన ప్రాంతములలో ఎక్కువగా కనుపించునది ఉష్ణమండలపు నల్లి. పెరిగిన నల్లి నాలుగైదు మిల్లీమీటర్ల పొడవుండి, అట్టముక్కవలె పలుచగా నుండుటచే గోరు దూరని సందులో సైతము దూరగలదు. పగలంతయు చీలికలలో గుంపుగా దాగియుండును. రాత్రి నిద్రించువారి ఒంటి వేడిని, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టి బయటికి వచ్చి, ఐదు పది నిమిషములు రక్తము పీల్చి, తిరిగి తన చీలికలోనికి పోవును. అనగా దాని జీవితములో మనపై గడపునది కొద్ది నిమిషములే; తక్కిన కాలమంతయు మంచపుకోటి బెజ్జములోనో, గోడ పగులులోనో గడచును. కనుక పక్కబట్టలు దులిపినంత మాత్రమున నల్లి పోదు.

ఆడనల్లి వందలకొలది గ్రుడ్లను చీలికలలో అంటించి పెట్టును. గ్రుడ్డు తెల్లగా, సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండును. వెచ్చని వాతావరణములో వారము పది దినములకు పిల్ల బయటికి వచ్చును. అది ఐదు పర్యాయములు కుబుసము విడుచును. ప్రతి పర్యాయమునకు ముందు రక్తము త్రాగవలెను. ఐదారు వారములలో పెద్దదగును. ఇల్లు తాళమువేసి నెలదినములు ఊరికి పోయినచో నల్లులు ఆకలికి చచ్చునని కొందరనుకొందురు. అవి అంతకంటె ఓపికగలవి.

నల్లికాటువలన అంటురోగములు వ్యాపించునని రుజువు కాలేదు. అయినను బాధ చిన్నది కాదు. గోకిన చోట పుండ్లు పడును. నల్లులు విపరీతముగా నున్న ఇండ్లలో పసిపిల్లలకు రక్తహీనత కలుగవచ్చును. రాత్రి నిద్రలేని పిల్లవాడు మరునాడు బడిలో కునుకుచుండును.

ఇక మందుల సంగతి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమై, 1958లో నిర్మూలన పథకముగా మారినది. ఆ దినములలో ఇంటింట డి.డి.టి. చల్లగా మొదట నల్లులును చచ్చెను. పిమ్మట అవి ఆ మందును తట్టుకొనసాగినవి. మందు చల్లినందుననే నల్లులు హెచ్చినవని కొన్ని గ్రామములవారు చల్లువారిని గడప త్రొక్కనీయలేదు. నేటి పైరిత్రాయిడ్ మందుల విషయమునను అనేక దేశములలో ఇదే జరిగినది.

మందు పారకపోవుటచే విసిగినవారు పొలపు మందును ఇంట చల్లుచున్నారు. ఈ వ్యాసములోని తక్కిన సంగతులు మరచినను సభ్యులు దీనిని మరువరాదు. డబ్బాపై ఎర్రగుర్తు అత్యంత విషమునకు చిహ్నము. అది పైరుకు ఉద్దేశించినది, పసిబిడ్డ పండుకొను పక్కకు కాదు. ధాన్యపు నిల్వలలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మరింత ఘోరమైనవి. గాలిలోని తేమ తగిలినంతనే అవి విషవాయువును విడుచును. ఆ వాయువు ప్రక్కగదిలో నిద్రించువారిని సైతము చంపగలదు. దానికి విరుగుడు లేదు. నిబంధనల ప్రకారము వానిని శిక్షణ పొందినవారే వాడవలెను. కిరసనాయిలు పూయుట పాత అలవాటే గాని, ఇండ్లు తగులబడు ప్రమాదమున్నది.

నల్లి ఏ మందుకు అలవాటు పడినను వేడికి అలవాటు పడలేదు. 50 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలినచో నల్లియు, గ్రుడ్డును కొద్ది నిమిషములలో నశించును. మంచమును ఎండలో పడవేసినంత మాత్రమున చాలదు. నల్లి నీడవైపునకు జరిగి ప్రాణము కాపాడుకొనును. నులక విప్పి, కోళ్ళును పట్టెలును కలియు బెజ్జములలో మరుగునీరు పోయవలెను. నులకను, పక్కబట్టలను మరుగునీట ముంచవలెను. పరుపులను, బొంతలను నల్లని ప్లాస్టిక్ పట్టాలో గాలి చొరకుండ చుట్టి, వేసవి ఎండలో దినమంతయు త్రిప్పుచు ఉంచవలెను. గోడ పగుళ్ళను మట్టితోనో, సిమెంటుతోనో పూడ్చి సున్నము వేయవలెను. కోళ్లగూటిని విడువరాదు, కోడి రక్తమును నల్లికి ఇష్టమే. మంచపుకోళ్ళ క్రింద నీటి గిన్నెలు పెట్టువారు ఆ నీటిని రెండు మూడు దినములకొకసారి మార్చవలెను. లేకున్న నల్లికి బదులు డెంగీ దోమను పెంచినట్లగును.

ఇది ఒక్క ఇంటివారు చేయు పని కాదు. వీధి యంతయు ఒకే దినమున చేయుటకు పంచాయతీ తీర్మానించుట మేలు. పెండ్లిండ్లకు వాడు గంగాళములు, పొయ్యిలు వీధి మొగలో ఏర్పాటు చేసినచో నీరు కాచుకొను స్తోమత లేనివారును కలిసివత్తురు. ఒంటరి వృద్ధుల ఇండ్లలో మంచములు బయటికి తెచ్చుటకు యువకులను నియమింపవచ్చును. అంగన్‌వాడీ, హాస్టలు, పంచాయతీ కార్యాలయపు బల్లలు విడువరాదు. పారవేసిన పరుపును వీధిలో ఉంచినచో మరియొకరు తీసికొనిపోవుదురు. దానిని ముక్కలు చేయవలెను.

మొదటిసారి తప్పిన గ్రుడ్లు పది పన్నెండు దినములకు పిల్లలగును గనుక అప్పుడు తిరిగి ఇదే పని చేయవలెను. మరి రెండు వారములకు మూడవ పర్యాయము. పిమ్మట రెండు నెలలవరకు, వారమునకొకసారి రాత్రి ప్రొద్దుపోయిన తరువాత, టార్చిలైటుతో మంచపు బెజ్జములు చూడుడని వార్డు సభ్యులు ఇంటివారితో చెప్పవలెను. నల్లని చుక్కలు, వదలిన కుబుసములు, దుప్పటిపై రక్తపు మరకలు, ఇవి గుర్తులు. ఒక ఇంట అవి కనుపించినచో ఆ ఇంటితోపాటు ఇరుప్రక్కల ఇండ్లకును మరల నీరు కాచవలెను.