ఊరి దాకా వచ్చిన తీగ ఇంటి దాకా రావాలంటే...

"ఈ రోజు లింకు లేదు" అనే మాట వినని బ్యాంకు కుటుంబం ఉండదు. ఆ లింకు ఎక్కడి నుంచి వస్తుంది? పల్లెలకు దాన్ని చేర్చడానికి రాష్ట్రాలు ఎలాంటి ప్రణాళికలు వేసుకున్నాయి? క్లుప్తంగా చూద్దాం.

మూడు అంచెలు

సాగునీటితో పోల్చుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. నగరాలను కలిపే ప్రధాన ఫైబర్ పెద్ద కాలువ లాంటిది. మండల కేంద్రం నుంచి గ్రామ పంచాయతీకి వచ్చే తీగ పిల్ల కాలువ. అక్కడి నుంచి ఇంటికి, బడికి, ఆరోగ్య కేంద్రానికి వెళ్లేది పంట బోదె. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా బోదె లేకపోతే మడి తడవదు.

ఇళ్లు తక్కువగా, దూరదూరంగా ఉన్నచోట తీగ వేస్తే పెట్టిన ఖర్చు త్వరగా తిరిగి రాదు. అందుకే ప్రైవేటు కంపెనీలు అక్కడికి ఆలస్యంగా వెళ్తాయి. ఆ లోటు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 2011లో జాతీయ ఫైబర్ పథకాన్ని ఆమోదించింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలను కలపడం దాని లక్ష్యం. రెండో దశలో కొన్ని రాష్ట్రాలు ఈ పనిని తామే చేపట్టాయి.

మూడు రాష్ట్రాలు, మూడు దారులు

ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాలను ఎంచుకుంది. నేల తవ్వకుండా ఉన్న స్తంభాల మీదుగానే ఫైబర్ లాగడంతో ఖర్చు, సమయం రెండూ కలిసొచ్చాయి. ఇంటింటికీ చేర్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ఇంటర్నెట్, ఫోను, టీవీ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ప్రారంభ ప్యాకేజీ ఇచ్చారు. అయితే తుపానుకు స్తంభం ఒరిగితే తీగా తెగుతుంది.

తెలంగాణ నీటి పైపుల దారి పట్టింది. మిషన్ భగీరథ కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేసేలా టీ-ఫైబర్‌ను రూపొందించారు. ఒక్క తవ్వకంతో రెండు పనులన్నమాట.

కేరళ తన విద్యుత్ బోర్డు లైన్లను వాడుకుంది. 2023 జూన్ 5న ప్రారంభమైన కె-ఫోన్ ద్వారా 30 వేల ప్రభుత్వ కార్యాలయాలకు కనెక్షన్లు, 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇంటర్నెట్ ఇవ్వాలన్నది లక్ష్యం.

మూడింటిలోనూ సూత్రం ఒక్కటే: ఉన్న ఆస్తిని వాడుకోవాలి.

నేను చూసింది

గ్రామీణ శాఖలో పనిచేసిన రోజుల్లో ఒక విషయం గమనించాను. ఒక పంచాయతీ ఆఫీసులో ఫైబర్ పెట్టె గోడకు బిగించి ఉండేది. లెక్కల్లో ఆ ఊరికి ఇంటర్నెట్ వచ్చినట్టే. కానీ కరెంటు పోతే పెట్టె ఆరిపోయేది, బ్యాటరీ మార్చే నాథుడు లేడు. మా బ్యాంకు మిత్ర మాత్రం సిగ్నల్ కోసం మిషను పట్టుకుని ఊరి చివరి చెట్టు కిందికి వెళ్లేవాడు. వేలిముద్ర వేసిన అవ్వకు సగంలో లింకు తెగితే, ఆ పూట కూలి పోయేది, పింఛను డబ్బూ చేతికి వచ్చేది కాదు. "రేపు రా అవ్వా" అనడానికి మాకు నోరు వచ్చేది కాదు. మనకు అది లింకు సమస్య, ఆమెకు అది వారం సరుకులు.

అందుకే తీగ వేయడం ఎంత ముఖ్యమో, దాన్ని బతికించుకోవడం అంతే ముఖ్యం. 2023లో కేంద్రం 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో ఈ ఆలోచన కనిపిస్తుంది. తీగను వలయంగా వేస్తారు. ఒకచోట తెగినా సంకేతం రెండో వైపు నుంచి వస్తుంది. నిర్వహణకూ అందులో చోటు ఉంది.

మన వంతు

సెలవులకు సొంతూరు వెళ్లినప్పుడు పంచాయతీలో మూడు ప్రశ్నలు అడగండి. ఫైబర్ పెట్టె పనిచేస్తోందా? కరెంటు పోతే దానికి ఆధారం ఏమిటి? చెడిపోతే ఎవరికి చెప్పాలి? జవాబు లేకపోతే గ్రామసభలో అదే ప్రశ్న లేవనెత్తమని మీవాళ్లకు చెప్పండి. అడిగేవాళ్లు ఉన్న ఊళ్లో పెట్టె ఎక్కువ రోజులు ఆరిపోయి ఉండదు.