బయానా చీటీ జాగ్రత్త, బిడ్డా



గద్వాలలో నీ పెండ్లి బాగా జరిగింది. కానీ మాటిచ్చిన నాగర్‌కర్నూల్ ఫోటోగ్రాఫర్ పెండ్లి నాటి పొద్దున ఫోన్ ఆపేసుకున్నాడు. జీలకర్ర బెల్లం వేళకు మీ తమ్ముడి సెల్‌ఫోనే దిక్కయింది. మధ్యాహ్నానికి ఇంకొకరిని రెట్టింపు డబ్బులిచ్చి పిలిపించారు. 'శుభకార్యం అయిపోయింది, గొడవెందుకు' అని మీ నాయిన అంటున్నాడట. నేను ఒప్పుకోను. ఇప్పుడు ఊరుకుంటే రేపు ఇంకో ఆడపిల్ల పెండ్లికీ అతను ఇదే చేస్తాడు.

నలుగురిని వెంటేసుకుని అతని దుకాణం మీదికి పోవద్దు. ముందు కాగితాలు చేర్చు. విజిటింగ్ కార్డు వెనక అతను రాసిచ్చిన 'బయానా 20,000', పెండ్లి తేదీ, సంతకం. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మాటలు, ఆ ఉదయం చేసిన కాల్స్, రెండో అతని రసీదు. ఏదీ చెరిపేయకు.

తర్వాత బయానా తిరిగివ్వమని, ఎందుకు రాలేదో చెప్పమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపు. అతనికి నిజంగా ప్రమాదమే జరిగుంటే మాట వేరు. అప్పుడు కూడా బయానా తిరిగివ్వాల్సిందే. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు మాత్రం చెప్పలేరు.

అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. డబ్బు తీసుకుని పనికి రాకపోవడం సేవాలోపమే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు గనక ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. అతనిది ఏ ఊరైనా నువ్వుండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మన ఉమ్మడి జిల్లా కమిషన్ మహబూబ్‌నగర్‌లో ఉంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. బయానా కట్టింది మీ నాయినే అయినా, ఆ పని నీకోసమే గనక నువ్వూ వినియోగదారువే. గడువు రెండేండ్లు.

బయానా, అదనంగా అయిన ఖర్చు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడుగు. రుజువు చూపగలిగినంతే అడిగితే నీ మాటకు బలం. పోలీసు కేసు తొందరపడి పెట్టకు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని తేలితేనే అది నిలుస్తుంది. న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా సాయం చేస్తుంది. వాళ్ల నంబరు 15100.

మీ నాయినతో నేను మాట్లాడతాను. ఆదివారం కాగితాలన్నీ పట్టుకుని అల్లుడితో కలిసి వనపర్తికి రా, నోటీసు ఇక్కడే రాద్దాం.

ఇట్లు,
మీ పెద్దనాయిన