ఆ ప్రశ్న వాణ్ణే అడగండి

వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటిది ఒకటైనా కనిపిస్తుంది. పదో తరగతి కుర్రాడు, కాలికి క్యాలిపర్, చేతిలో ఫైలు. బల్లకు అవతల కూర్చున్నాయన తలెత్తి వాళ్లమ్మను అడుగుతాడు: "బాబు ఏం చదువుతున్నాడమ్మా?" "టెన్తండీ. ఆ తర్వాత ఏదో ఒకటి, ఇంటికి దగ్గర్లో" అంటుందామె. కుర్రాడు గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఉంటాడు. ఇబ్బంది కాలికి, నోటికి కాదు గదా! అయినా వాడి చదువు గురించిన మాట వాడిదాకా రాలేదు.

ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. ఉన్నదంతా ప్రేమే. ఆ ప్రేమతోనే చొక్కా రంగు దగ్గర్నుంచి ఇంటర్లో గ్రూపు దాకా అన్నీ మనమే తేల్చేస్తాం. పద్దెనిమిదేళ్లు నిండాక మాత్రం "నీకంటూ ఒక లక్ష్యం లేదురా" అని నిష్ఠూరమాడతాం. చిన్నప్పట్నుంచీ ఏదీ ఎంచుకోనివ్వకపోతే, ఎంచుకోవడం ఒక్కపూటలో ఎక్కడ వస్తుంది?

తన దారి తానే ఎంచుకున్నవాడి కథ ఒకటి చెబుతాను. రేపల్లె నుంచి పెనుమూడి వారధి దాటితే దివిసీమ, ఆ పైన బందరు. బందరు దగ్గర సీతారామపురంలో పుట్టినవాడు బొల్లా శ్రీకాంత్. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాదులో దేవనార్ అంధుల పాఠశాలలో పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఇంటర్లో సైన్సు చదువుతానన్నాడు. చూపులేనివాళ్లకు ఆర్ట్స్ తప్ప కుదరదన్నారు. కోర్టుకెళ్లి గెలిచాడు. పాఠాలు ఆడియోలో విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీకి దరఖాస్తు పెట్టి సీటు సంపాదించాడు. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది.

అందరూ ఈ కథలో ఎంఐటీ దగ్గర చప్పట్లు కొడతారు. నాకు మాత్రం పదో తరగతి అయిన ఆ వేసవే ముఖ్యం. వ్యవస్థంతా "ఆర్ట్స్" అంటుంటే ఒక కుర్రాడు "నాకు సైన్సు కావాలి" అన్నాడు. ఆయన వెంట ఒక ఉపాధ్యాయురాలు నిలిచారు. ఆవిడ ఆ కోరికను సరిదిద్దబోలేదు, అది తీరే దారి వెతికారు. లక్ష్యం పిల్లవాడిది, చాకిరీ ఇద్దరిదీ. అలాగని ప్రతి పిల్లవాడికీ "శ్రీకాంత్‌ని చూసి నేర్చుకో" అని నూరిపోయడం కూడా పెత్తనమే. మీవాడికి తెనాలిలో మొబైల్ రిపేరు షాపు పెట్టాలనుంటే అదీ లక్ష్యమే.

పిల్లలు తమ లక్ష్యాలను తామే ఎంచుకోవడం మీద అమెరికాలో మైకేల్ వీమేయర్ అనే విద్యా పరిశోధకుడు, ఆయన సహచరులు చాలా పనిచేశారు. వాళ్లు తయారుచేసిన బోధనా పద్ధతి మూడు దశల్లో నడుస్తుంది: నా లక్ష్యమేమిటి? నా ప్రణాళిక ఏమిటి? నేనేం తెలుసుకున్నాను? మూడింటిలోనూ "నేను" అనేది విద్యార్థే. మన ఇళ్లలో మూడోదాని ఊసే ఉండదు. ఫలితాలొచ్చిన రోజు తిట్టో, "పాపం, ఆమాత్రం చాల్లే" అనే ఓదార్పో, రెండే రకాలు.

కాలికి క్యాలిపర్ ఉన్న రేపల్లె పిల్లవాడు బాపట్ల వెళ్లి డిగ్రీ చదువుతానన్నాడనుకోండి. "ఎలా వెళ్తావురా?" అని మనం వేసే ప్రశ్నలో జవాబు ముందే ఉంటుంది: వెళ్లలేవని. అదే ప్రశ్నను నిజంగా అడిగితే అదే మొదటి పాఠం. రైలైతే తెనాలిలో మారాలి. అక్కడ ప్లాట్‌ఫారం మారాలంటే ఎన్ని మెట్లు? క్యాలిపర్‌తో ఎంతసేపు పడుతుంది? ఆలోగా రెండో బండి వెళ్లిపోతుందా? బస్సు నయమా, హాస్టలా? వాడే కనుక్కుని కాగితం మీద రాయాలి. మొదటిసారి నాన్న పక్కనే ఉంటాడు. తర్వాత అదే బండిలో వేరే పెట్టెలో. ఆ తర్వాత రేపల్లె స్టేషన్లోనే ఆగిపోతాడు. బండి తప్పిన రోజు ఏం చేశాడో సాయంత్రం వాడే చెప్పాలి. మూడో ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది.

పరీక్షల్లో స్క్రైబ్, అంటే విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, సంగతీ ఇంతే. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం వస్తుంది. వైకల్యం 40 శాతం లేకపోయినా, రాయడంలో నిజమైన ఇబ్బంది ఉంటే స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ స్క్రైబ్‌ను నడిపించడం ఎవరు నేర్పుతున్నారు? "ఇక్కడ పేరా మార్చు", "ఆ పేరు స్పెల్లింగ్ చెబుతాను, రాసుకో", "చివరి రెండు వాక్యాలు చదివి వినిపించు" అని పరాయి మనిషికి మొహమాటం లేకుండా చెప్పడం ఒక విద్య. తొమ్మిదో తరగతి నుంచే యూనిట్ టెస్టుల్లో అలవాటు చేయకపోతే, పబ్లిక్ పరీక్షలో మొదటి అరగంట బిడియానికే సరిపోతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత చదువు హక్కు ఇచ్చింది. దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది ఆ పిల్లల ఇష్టానికే వదిలింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు కూడా అందులోనే ఉన్నాయి. సీట్ల సంగతి చాలామందికి తెలుసు. ఇష్టం సంగతే ఎవరికీ గుర్తుండదు.

బాపట్లలో బధిరుల ఆశ్రమ పాఠశాల ఉంది. వినికిడి లేని పాపను అక్కడ చేర్చాలా, ఊళ్లో బడిలోనే ఉంచి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరు సాయం తీసుకోవాలా అని పెద్దలు తర్జనభర్జన పడుతుంటారు. పాపను ఒకరోజు అక్కడికి తీసుకెళ్లి పిల్లల మధ్య వదలండి, తర్వాత అడగండి. అడగాలంటే మనకు సంజ్ఞలు రావాలి, అదీ చిక్కు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికే పది వేల పదాల నిఘంటువును వీడియోలుగా ఇచ్చింది, డబ్బు కట్టనక్కర్లేదు. రోజుకు నాలుగు సంజ్ఞలు నేర్చుకున్నా సంవత్సరం తిరిగేసరికి "నీకేం చదవాలనుంది?" అని అడగడమే కాదు, ఆ పిల్ల చెప్పే పొడుగాటి జవాబులో సగమైనా అర్థమవుతుంది.

ఇక అడ్మిషన్ల రోజుల్లో ఆప్షన్ల జాబితా పిల్లలనే రాయనివ్వండి. మొదట ఏది, తర్వాత ఏది, ఎందుకు అన్నది వాళ్లే తేల్చుకుంటారు. చివరి తేదీ దాటిపోకుండా, సదరం సర్టిఫికెట్ జిరాక్సులు సిద్ధంగా ఉండేలా మీరు చూసుకుంటే చాలు.