ఇంటి ఖర్చు తగ్గించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖర్చు తగ్గించాలనుకోగానే చాలామంది ముందు ఏదో ఒకటి మానేస్తారు. కాఫీ మానేస్తారు, సినిమా మానేస్తారు, పిల్లల ఐస్‌క్రీమ్ కూడా మాన్పించేస్తారు. పది రోజులకే ఇంటిల్లిపాదికీ విసుగొస్తుంది, మళ్లీ మామూలే. అందుకే మొదటి నెల ఏదీ మానకండి. రాయండి, అంతే చాలు.

మొదటి నెల: పద్దు

వంటింట్లో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రాత్రి భోజనాలయ్యాక, ఆ రోజు చేతిలోంచీ ఫోన్లోంచీ పోయిన ప్రతి రూపాయీ అందులో ఎక్కాలి. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత చిల్లర ఖర్చు కంటికి కనబడకుండా పోయింది. నోటు తీసి ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడేది, స్కాన్ చేసేటప్పుడు ఆ వెనకాడటం లేదు. అదృష్టవశాత్తూ ఫోన్లో లెక్కంతా ఉంటుంది. హిస్టరీ తెరిచి చూసి ఎక్కించుకోండి.

‘ఇతరాలు’ అని మాత్రం రాయొద్దు. ‘సాయంత్రం టీ, సమోసా: 60’ అని విడిగా రాయండి. రోజూ అరవై అంటే ఏడాదికి 21,900 రూపాయలు. ఆ అంకె చూశాక ఏం చేయాలో మీకే తోస్తుంది.

నెలాఖరున: ఇంట్లో అందరూ కూర్చుని

పద్దు ముందేసుకుని ఒక్కో ఖర్చు పక్కన గుర్తు పెట్టండి. తప్పనివి ఒక గుర్తు: అద్దె, ఫీజులు, పాలు, మందులు. ఇష్టపడి చేసినవి ఇంకో గుర్తు. ఎందుకు చేశామో ఎవరికీ గుర్తులేనివి మూడోది. కోత ఈ మూడోదాని దగ్గరే మొదలుపెట్టాలి. ఇష్టమైన వాటి మీద ముందే చెయ్యి వేస్తే ఆ ఇంట్లో పొదుపు నిలవదు.

మూడో రకంలో ముందు చూడాల్సింది ఆటోపే. ఎవరూ చూడని ఓటీటీ, ఎప్పుడో పెట్టుకున్న యాప్ నెలనెలా డబ్బు లాగేస్తుంటాయి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే జాబితా అంతా కనిపిస్తుంది. అక్కడే రద్దు చేయొచ్చు.

తర్వాత వంటిల్లు

మిగులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. బయట నుంచి టిఫిన్ తెప్పిస్తే దాని ధరకు తోడు ప్యాకింగ్, డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు కలుస్తాయి. ఒకసారి ఆ బిల్లు వరస వరసా చదవండి. పొద్దున హడావుడిలో ఆర్డర్ పెట్టడానికి అసలు కారణం ఫ్రిజ్‌లో పిండి లేకపోవడమే. ఆదివారం మధ్యాహ్నం మినప్పప్పు నానబెట్టి సాయంత్రం రుబ్బండి. గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి కలపండి. రాత్రంతా పులిసిన పిండి ఫ్రిజ్‌లో మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది. మొదటి రోజు ఇడ్లీ వేసుకుంటే, మూడో రోజు కాస్త పుల్లబడిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పుణుకులు వేసుకోవచ్చు. అల్లం పచ్చడి ఉంటే ఆ పుణుకుల ముందు హోటల్ టిఫిన్ గుర్తుకు రాదు.

కూరగాయలకు దగ్గర్లో రైతుబజారు ఉంటే సంచి పట్టుకుని అక్కడికే వెళ్లండి. 1999లో మొదలైన ఈ బజార్లలో రైతులే నేరుగా అమ్ముతారు, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. చవగ్గా ఉన్నాయని వారానికి సరిపడా ఆకుకూర తెచ్చుకోకండి. తోటకూర రెండో రోజుకే వాడిపోతుంది, పారేసిన కట్ట ఎంత చవకైనా దండగే. నెల సరుకులకు ముందు డబ్బాలు తెరిచి చూసి, చీటీ రాసుకుని వెళ్లండి.

కరెంటు

పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్ల తేడా. అయినా తిరుగుతున్న ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చేయకండి, పాడైనప్పుడు మార్చుకోండి. ఏసీని 24 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకుంటే చాలు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి, నెల మధ్యలో ఒకసారి మీటరు చూసే అలవాటు చేసుకోండి.

మిగిలిన డబ్బు

ఖాతాలో ఊరికే ఉంచితే అదీ ఖర్చయిపోతుంది. జీతం పడిన మర్నాడే పక్కకు పోయేలా చూడండి. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో కూడా ఐదేళ్ల ఆర్‌డీ తెరవొచ్చు.

చివరగా ఒక్క మనవి. పొదుపు పేరుతో పనమ్మాయి జీతం తగ్గించకండి, పండక్కి ఇచ్చేది ఆపకండి, గంప దించిన ఆకుకూరల అవ్వతో ఐదు రూపాయలకు బేరమాడకండి. మీ పద్దులో ఆ ఐదు రూపాయలు ఎక్కడా కనబడవు, ఆమెకు అది ఆ పూట లాభం.