నాటకం అయిపోయేది ఎన్నింటికి?



గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’లో తెలుగువాళ్లందరికీ నోటికొచ్చిన మాట ఒకటుంది. నాటకం చూడనివాళ్లు కూడా సందర్భం వస్తే అనేస్తుంటారు. గిరీశం ఆ మాట అనేది ఏడో అంకం చివర్లో. నాటకం మొత్తానికి అదే ఆఖరి మాట. ఇక శ్రీకాకుళం నుంచి పిల్లల్ని తీసుకుని విజయనగరం వెళ్లి, సాయంత్రం ఆట చూసేవాళ్లను గమనించండి. తొమ్మిది కాగానే వాచీలు చూసుకుంటారు. తొమ్మిదిన్నరకు సంచులు సర్దుకుని లేస్తారు. బస్సు అందుతుందో లేదో గానీ, గిరీశం మాట మాత్రం అందదు.

నేనూ ఆ పని చేసినదాన్నే. అప్పుడు మా అమ్మాయిది ఏడో తరగతి. బస్సులో దారి పొడవునా “గిరీశం దొరికిపోయాడా అమ్మా?” అని అడుగుతూనే ఉంది. చెప్పాను. “నువ్వు చెబితే ఏముంది, వాళ్లు ఎలా అన్నారో కదా చూడాలి” అంది. అందులో బస్సు తప్పేం లేదు. ఆట ఎన్నింటికి మొదలవుతుందని అడిగాను గానీ, ఎన్నింటికి అయిపోతుందని అడగలేదు. ఈ నెల మన పాఠం ఆ ప్రశ్న గురించే.

ఏడంకాల ‘కన్యాశుల్కం’ పూర్తిగా ఆడాలంటే దాదాపు ఎనిమిది గంటలు. అందుకే చాలా సమాజాలు కుదించి, రెండున్నర మూడు గంటల్లో ముగిస్తాయి. ఆహ్వానపత్రికలో 6.30 అని వేసినంత మాత్రాన తెర 6.30కి లేవదు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు అన్నీ కలిపి ముప్పావు గంట వేసుకోండి. 7.15కి మొదలై మూడు గంటలు నడిస్తే 10.15. పిల్లల్ని బాత్రూమ్‌కు తీసుకెళ్లి, జనంలోంచి బయటపడి, ఆటో పట్టుకుని బస్సు కాంప్లెక్స్‌కు చేరేసరికి 10.45. అంటే మీరు వెతకాల్సింది 10.45 తర్వాత ఉన్న బస్సునే. ఈ లెక్క మీరు వేయకండి, మీ అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో వేయించండి. చివర నుంచి వెనక్కి లెక్కపెట్టడం అలవాటైతే పరీక్ష హాల్లోనూ పనికొస్తుంది.

10.45 తర్వాత బస్సుందో లేదో కాంప్లెక్స్ ఎంక్వైరీలో ఆ వారమే అడగండి. పోయినేడు ఉన్న సర్వీసు ఇప్పుడూ ఉందనుకోవద్దు. రైలైతే ఇంకో చిక్కుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి టౌన్‌కు ఇంకా 13 కిలోమీటర్లు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని పట్టుకుని ఆటో కోసం బేరమాడుకోవాలి. ఎవరైనా బండి తెచ్చి ఎదురొచ్చేలా ముందే మాట్లాడుకుంటే తప్ప నేనైతే ఆ రైలు ఎక్కను.

తేదీ విషయంలో చదువుకున్నవాళ్లే ఎక్కువగా పొరబడతారు. శనివారం రాత్రి ఆట చూసి 12.20 రైలు పట్టుకోవాలంటే టికెట్టు ఆదివారం తేదీతో తీసుకోవాలి. శనివారం తేదీతో తీసుకుంటే, ఆ రైలు మీరు నాటకానికి బయల్దేరకముందే వెళ్లిపోయి ఉంటుంది. పిల్లలకు 24 గంటల గడియారం నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు: 23.50 శనివారం, 00.20 ఆదివారం.

కారు మాట్లాడుకుంటే ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ కలిసి వెళ్లొచ్చు. రోడ్డు 70 కిలోమీటర్ల లోపే. కానీ పొద్దున్నుంచి బండి తోలిన డ్రైవర్ రాత్రి పదకొండింటికి హైవే మీద ఎలా ఉంటాడో ఆలోచించండి. మీరు నాటకం చూస్తున్నంతసేపూ అతను భోంచేసి కాసేపు పడుకునేలా చూడండి. వెయిటింగ్ ఎంత, రాత్రి బత్తా ఎంత అనేది బయల్దేరేముందే తేల్చుకోండి.

నన్నడిగితే చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఆ రాత్రికి విజయనగరంలో ఉండిపోవడమే మేలు. బంధువుల ఇల్లుంటే సరే. అయితే “వస్తాం” అని మాత్రమే చెప్పకండి, “పదకొండు దాటాక వస్తాం, భోజనం చేసేసే వస్తాం” అని చెప్పండి. లేకపోతే అత్తయ్యగారు పదకొండింటికి అన్నం వేడిచేసుకుంటూ కూర్చుంటారు. సాయంత్రం ఆటకు ముందే పిల్లలకు ఇంటి నుంచి తెచ్చిన పులిహోరో చపాతీలో పెట్టేయండి. లాడ్జి అయితే ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి. ఖాళీ చేయాల్సింది 24 గంటల లెక్కనా, మధ్యాహ్నం 12కా? రాత్రి పదకొండు దాటాక గేటు తీస్తారా? పెద్దలందరికీ ఆధార్ కావాలా? వీలైతే సాయంత్రమే వెళ్లి, గదిలో బ్యాగులు పెట్టి, తాళం తీసుకుని నాటకానికి వెళ్లండి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో గదులు దొరకవు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ ఒకటి రెండు రోజులు ఊళ్లో గదుల ఆశ వదులుకోవడమే.

శనివారం ఆటకే వెళ్లండి, ఆదివారం ఆటకు వద్దు. సోమవారం తెల్లవారి క్లాసులో కునికే పిల్లల్ని చూసి మా టీచర్లు చెబుతున్న మాటే ఇది. శనివారం మధ్యాహ్నం ఓ గంట పడుకోబెడితే ఏడో తరగతి పిల్లలు పది దాకా హాయిగా కూర్చుంటారు. అంతకన్నా చిన్నవాళ్లకు ఈ నాటకం భారమే. సుబ్బి అనే పసిపిల్లను డబ్బుకోసం ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోవడం, మధురవాణి ఎవరన్నది వంటి విషయాలపై పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. బస్సులో వెళ్లేటప్పుడే కథ కాస్త చెప్పి ఉంచితే ఆ ప్రశ్నలకు తడుముకోనక్కర్లేదు. శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టే సంగతి మాత్రం చెప్పొద్దు. అది వాళ్లే చూడాలి.

ఉండిపోతే మర్నాడు పొద్దున్న ఇంకో లాభం ఉంది. ఈ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, విజయనగరంలోనే. 1897లో అచ్చయినప్పుడు గురజాడ దాన్ని ఆనందగజపతి మహారాజుకు అంకితమిచ్చారు. మొదటి అంకంలో గిరీశం కనిపించేది బొంకులదిబ్బ దగ్గర. టిఫిన్ చేసి, పిల్లల్ని ఆ బొంకులదిబ్బకు, 1713లో కట్టిన కోటకు, గురజాడ వారి ఇంటికి తీసుకెళ్లండి. రాత్రి స్టేజి మీద విన్న ఊరి పేర్లు పొద్దున్న బోర్డుల మీద కనిపిస్తే పిల్లలు ఊరుకోరు, ఒక్కొక్కటీ చదివి వినిపిస్తారు. పదకొండింటికి బస్సెక్కితే భోజనాల వేళకు శ్రీకాకుళంలో ఉంటారు. సోమవారం టెస్టుకు చదువుకోవడానికి సాయంత్రమంతా మిగిలే ఉంటుంది.